నూనె చుక్క

సెడార్ నూనె ఒక్క చుక్క.
అది వెయ్యకుంటే నూరింతల లెన్సు గుడ్డిది.
అనంతపురం పెద్దాసుపత్రిలో
పదకొండేళ్లుగా నా పొద్దు
ఈ చుక్కలోనే తెల్లారుతుంది.

ఈ రోజు స్లైడు కుళ్లాయప్పది.
కళ్యాణదుర్గం రోడ్డు మిల్లులో
శెనక్కాయ చెక్క గీకుతుంటే
ఎక్స్‌పెల్లరు మింగబోయి వదిలేసిన చూపుడువేలు.
ఇప్పుడది లేత వంకాయంత, వంకాయ రంగులో.
గోరు కింద ఇంకో గుండె కొట్టుకుంటోందట.

"మిషను నలిపింది ఒగసారే గదక్కా,
ఈ వాపు మూడు దినాల్నుంచి నలుపుతాండాదే, యాల?"

ఊదారంగులో తడిసి, తమ్మెలు తమ్మెలుగా చీలిన కేంద్రకాలు.
పాలీమార్ఫ్స్: నూటికి ఎనభై రెండు.
రిజిస్టరులో అంకె వేశాను.
అతనికి మాత్రం నూనె సంగతి చెప్పాను.

నీ ఒంట్లో ప్రతి కణానికీ ఒక గోడ ఉంది కుళ్లాయప్పా,
కొవ్వుతో మెత్తిన గోడ.
వేలు నలిగిన ఆ క్షణాన
ఏదో కత్తెర ఆ గోడలోంచే
సన్నని పోగు ఒకటి కోసింది.
ఇంకెవరో దాన్ని మెలితిప్పారు.
మెలి తిరిగిన కొవ్వు మాటయింది.
దాని పేరు ప్రోస్టాగ్లాండిన్, నోరు తిరగకపోతే వదిలెయ్.
నెత్తుటి కాలవను వెడల్పు కమ్మంది,
వేలు ఎర్రనయింది, కాగింది.
దాని చెల్లెలు ల్యూకోట్రయీన్
తెల్లకణాలకు కబురంపింది.
వచ్చాయి,
గట్టు పట్టుకుని పాకుతూ, సందుల్లోంచి దూరుతూ.

"మా ఈదోల్ల మాదిరి" అన్నాడు, నవ్వబోయి.

నిజమే. ఆ రాత్రి నేనూ డ్యూటీలోనే ఉన్నాను.
స్విచ్చు వేసింది ఓబులేసని
ఎవరో ఒక్క మాట అంటే
మూడు ఆటోల జనం
క్యాజువాల్టీ ముందు దిగారు.
ఓబులేసు అక్కడ లేడు.
పగిలింది డ్రెస్సింగ్ రూము అద్దం.
తెల్లకణాలూ ఇంతే,
క్రిమి మీద పోసిన నిప్పు
పక్క కొట్టానికీ అంటుకుంటుంది.

వాపు దానంతటదే దిగుతుందని
డిప్లొమాలో మాకు చెప్పారు,
కట్టెలయిపోతే పొయ్యి ఆరినట్టు.
అట్లా కాదట.
ఆరడానికీ ఎవరో పూనుకోవాలట.
అదే గోడ, కొవ్వు పోగులే మళ్లీ
ఈసారి ఇంకో తీరుగా మెలి తిరిగి
ఇంకో మాట అవుతాయట:
చాలు, కొత్తవాళ్లు రావద్దు.
వచ్చి చచ్చినవాళ్లను ఎత్తండి.
అప్పుడొస్తాయి పెద్దకడుపు కణాలు.
హడావుడి ఉండదు వాటికి.
చచ్చిన ఒక్కొక్కదాన్నీ మింగుతూ
పెండ్లి మర్నాడు పందిరి ఊడ్చే మనుషుల్లా
తిరుగుతుంటాయి.

ఆ మాట రానివాళ్లూ వస్తారు నా దగ్గరికి.
క్రిమి పోయి ఏళ్లయినా ఎర్రగా ఉబ్బే కీళ్లు,
ఎవరి మీదో వాటికే గుర్తులేని కోపం.

ఆ రాత్రి పోలీసుల కంటే ముందు
మారెక్క వచ్చింది, కుళ్లాయప్ప పెండ్లాం.
అదే మిల్లులో గింజలు ఏరే మనిషి,
మోచేతుల దాకా జిడ్డు.
ఎవరినీ ఏమీ అనలేదు.
వంగి అద్దం పెంకులు కొంగులోకి ఏరుకుంటూ
"ఓబులేసు పొద్దున్నుంచి కూడు తిన్లేదంట,
ఎవురన్నా పోయి పిల్చకరాండి" అంది.
కాసేపటికి ఒక ఆటో స్టార్టయింది.
ఇంకొంతసేపటికి ఇంకొకటి.

"ఆ రెండో మాట నా యేలికి ఎప్పుడొస్తాదక్కా?"

పాలీమార్ఫ్స్‌ను లెక్కపెట్టగలను గానీ
ఆ మాట నా లెన్సుకు అందదు.
చెయ్యి వెలుతురులోకి తిప్పి చూశాను.
గోరు పక్కన, నిన్నటిదాకా బిర్రుగా మెరిసిన చోట,
వెంట్రుకంత ముడత.

ఏమీ అనలేదు నేను.
లెన్సు మీది నూనె తుడిచి
తరువాతి స్లైడు పెట్టాను.
గదిలో ఇంకా శెనగనూనె వాసన.